పాపనేం చేస్తావ్?

"పాపనేం చేస్తావ్?"

2022లో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. అత్తమ్మ అడిగింది, మా అమ్మ అడిగింది. రైల్వే కాలనీలో పక్క క్వార్టర్ ఆమె గోడ మీంచి అడిగింది. ఏదో సెమినార్ విషయమై ఫోన్ చేసిన ఒకప్పటి నా గైడ్ కూడా, "అవునూ, మరి పాపనేం చేస్తున్నారు?" అని అడిగారు. మా పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. దానికి తండ్రి ఉన్నాడు. నాతోపాటు అదే ప్రయాణానికి బట్టలు సర్దుకుంటున్నాడు. ఆయన్ను మాత్రం ఎవరూ ఒక్కసారైనా అడగలేదు.

మా మామ గుంతకల్లు రైల్వేలో పనిచేసి ఆ ఏడాదే రిటైరయ్యాడు. అరవై నిండడమూ, ఉద్యోగం దిగడమూ ఒకేసారి. కసాపురం ఆంజనేయస్వామి గుళ్ళో పూజ చేయించి పదిమందికి అన్నం పెడితే చాలని అత్తమ్మ అంది. బెంగుళూరులో ఉద్యోగం చేసే మరిది, పూజ సరే, ఆ తర్వాత అందరం కలిసి ఓడెక్కుదామన్నాడు. ఆ జూన్‌లోనే చెన్నై నుంచి విశాఖపట్నానికి విహార నౌక రావడం మొదలైంది. మరిది పిల్లలిద్దరూ పేపర్లో ఫోటోలు చూసి అప్పటికే సగం ఓడెక్కేశారు. పాపతో కలిపి తొమ్మిదిమందిమి. ఖర్చు మరిదిది. చెన్నైలో ఎక్కి, విశాఖ చూసి, మళ్ళీ చెన్నైలో దిగాలి.

రైల్వే వాళ్ళ ఇళ్ళల్లో ప్రయాణమంటే పాస్ ప్రయాణమే. అయిదేళ్ళ సర్వీసు దాటిన ఉద్యోగికి ఏడాదికి మూడు సెట్ల పాసులు. వాటి మీద మా అత్తమామలు రామేశ్వరం, పూరీ, కాశీ అన్నీ తిరిగారు. ఆ ప్రయాణాలు మామ చెబితే గుళ్ళూ గోపురాలూ ఉంటాయి. అత్తమ్మ చెబితే కొళాయిలుంటాయి. "రామేశ్వరంలో సత్రం కొళాయి తెల్లారి నాలుగ్గంటలకే వస్తాండె. ఇద్దరు పిల్లోళ్ళ బట్టలూ ఆ పొద్దే ఉతికేస్తాంటి" అంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా మాది. తుంగభద్ర ఎగువ కాలువలో నీళ్ళొస్తాయా రావా అని ఎదురుచూసే ఊరు. ఇక్కడి ఆడది కాశీకి పోయినా ముందు నీళ్ళెక్కడున్నాయో చూసుకుంటుంది. ఆమె చేసినవీ యాత్రలే. కానీ వాటిలో ఆమెకు విశ్రాంతి ఉందా అని ఆ రోజుల్లో ఎవరికీ సందేహం రాలేదు.

నాకు మూడు దారులు చూపించారు. నేను పాపతో ఇంట్లో ఉండిపోవచ్చు. పాపను మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళవచ్చు. లేదా తీసుకుపోవచ్చు. నేను మూడోది ఎంచుకున్నాను. ఎందుకని అడిగినవాళ్ళకు రకరకాల జవాబులు చెప్పాను. పాలు తాగే పిల్లను వదిలి ఉండలేనన్నాను. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, తోడుండాలి కదా అన్నాను. సముద్రపు గాలి పాపకు మంచిదట అని కూడా అన్నాను. వీటిలో మొదటి రెండూ అబద్ధాలు కావు. కానీ అసలు సంగతి అది కాదు. నాకు వెళ్ళాలనిపించింది, అంతే. ఎనిమిది నెలలుగా రెండు గంటలు ఒక్క పట్టున నిద్రపోలేదు. నేను వండని అన్నం తినాలనిపించింది. ఏ దిక్కు చూసినా నీళ్ళే కనిపించే చోట కాసేపు ఊరికే నిలబడాలనిపించింది. ఇంత చిన్న మాట నోటికి రాలేదు. మాతృత్వం మీద సెమినార్లలో పేపర్లు చదివినదాన్ని, నా కోరికకు బిడ్డ మేలు అనే బట్ట చుట్టి గానీ బయటికి తీసుకురాలేకపోయాను.

ఇది నా ఒక్కదాని పిరికితనమే అనుకోను. నా పరిశోధన తెలుగు యాత్రాసాహిత్యం మీద. 1830-31లో ఏనుగుల వీరాస్వామయ్య చేసిన కాశీయాత్ర దగ్గర మొదలుపెట్టి నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' మీదుగా నిన్నమొన్నటి అమెరికా ప్రయాణాల దాకా చదివాను. నేను చదివినంతలో, చంకలో బిడ్డతో బయల్దేరి, ఈ ప్రయాణం నా కోసమే చేశానని చెప్పిన స్త్రీ నాకు తారసపడలేదు. 'నీలిమేఘాలు' సంకలనం వచ్చిన 1993 నాటికే మన కవయిత్రులు ప్రసవాన్నీ, గర్భస్రావాన్నీ, వంటింటినీ కవిత్వంలోకి తెచ్చారు. నొప్పి గురించి సిగ్గుపడకుండా మాట్లాడే చోటును ముందు తరం మనకు సంపాదించి పెట్టింది. ఆ చోట నిలబడి సుఖం గురించి మాట్లాడటానికి మాత్రం ఇప్పటికీ తడబడుతున్నాం. నొప్పి చెప్పుకున్న తల్లి మీద జాలి పడతారు. సుఖం అడిగిన తల్లిని అనుమానిస్తారు. ఆ అనుమానించేవాళ్ళలో మొదటి మనిషి తల్లే.

ఏడ్రియన్ రిచ్ 1976లో 'ఆఫ్ విమన్ బోర్న్'లో మాతృత్వాన్ని రెండుగా విడదీసి చూపించింది. బిడ్డతో తల్లికి ఉండే అనుభవం ఒకటి, ఆ అనుభవాన్ని అదుపులో పెట్టే వ్యవస్థ మరొకటి. అందులోనే ఆమె ఒక వేసవి గురించి రాస్తుంది. భర్త పరాయి దేశంలో ఉన్నాడు. ఆమె, ముగ్గురు కొడుకులు వెర్మాంట్‌లో ఒక స్నేహితుల ఇంట్లో గడిపారు. వేళకు తిండి లేదు, వేళకు నిద్ర లేదు, నలుగురూ హాయిగా ఉన్నారు. మాతృత్వ వ్యవస్థ కళ్ళుగప్పి పారిపోయిన నేరస్థుల్లా తమను ఊహించుకుంటుంది ఆమె. చదువుకునే రోజుల్లో ఆ పేజీ నాకెంతో ఇష్టం. పాప పుట్టాక మళ్ళీ చదివితే వేరే సంగతి కనిపించింది. ఆమె వెంట వ్యవస్థ రాలేదు. మాది కుటుంబ విహారం. మా వెంట వ్యవస్థ మొత్తం, పచ్చడి జాడీలతో సహా, ఓడెక్కింది.

*

అత్తమ్మ భయాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసిపారేయలేను. "గోదాట్లో కచ్చులూరు కాడ ఏమాయనో చూల్లేదా? పాలు తాగే బిడ్డను ఎత్తుకోని నీళ్ళ మిందికి పోతారా ఎవరన్నా?" అంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన ఆ పడవలో 77 మంది ఉంటే ప్రాణాలతో బయటపడింది 26 మందే. వాళ్ళూ మాలాగే సెలవు గడపడానికి వెళ్ళినవాళ్ళే. అందుకని తెలుసుకోగలిగినంత తెలుసుకున్నాను. చాలా అంతర్జాతీయ నౌకా సంస్థలు ఆరు నెలలు నిండని పిల్లల్ని ఎక్కించుకోవు. మహాసముద్రాలు దాటే ప్రయాణాలకైతే ఏడాది నిండాలంటాయి. ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు అంత పసిబిడ్డకు జబ్బు చేస్తే ఓడలోని వైద్యం సరిపోదు. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయాక, ఓడ కదలకముందే, లేదా కదలగానే, ప్రయాణికులందరికీ ప్రాణరక్షణ కసరత్తు చేయించాలన్న నిబంధన వచ్చింది. పిల్లల డాక్టరు పాలు ఆపొద్దన్నారు, ఎండ తగలనీయొద్దన్నారు, ముందురోజు జ్వరమొస్తే ప్రయాణం మానుకోమన్నారు. జ్వరం రాలేదు.

ఇంత తెలుసుకున్నా నా భయం తగ్గలేదు. ఆలోచిస్తే, నేను భయపడుతున్నది రెండింటికని అర్థమైంది. ఒకటి ప్రమాదం. దాన్ని కొంతవరకూ లెక్కగట్టవచ్చు, జాగ్రత్తపడవచ్చు, అందరూ పంచుకోవచ్చు. రెండోది నింద. ఏదైనా జరిగితే ఎవరిని అనాలో ముందే నిర్ణయమైపోయింది. టికెట్లు కొన్నది మరిది, సరేనన్నది మామ, సంతకం పెట్టింది నా సహచరుడు. కానీ 'తీసుకుపోయింది' నేను. "పాపనేం చేస్తావ్?" అన్న ప్రశ్న సలహాలా వినిపిస్తుంది గానీ, నిజానికది ముందుగానే రాసిపెట్టిన నేరారోపణ.

తోటికోడలిది వేరే వాదన. "దానికేం గుర్తుంటుందక్కా, పెద్దయ్యాక తీసుకుపోతే చాలదా?" అంది. మంచి ప్రశ్నే. ఎనిమిది నెలల బిడ్డకు ఓడ గుర్తుండదు. మరి రాత్రి రెండింటికి లేచి పాలివ్వడం గుర్తుంటుందా? ఎత్తుకుని వరండాలో తిప్పడం గుర్తుంటుందా? గుర్తుండదని అవి మానేయం. గుర్తుండటమే కొలమానమైతే మొదటి మూడేళ్ళు పిల్లల కోసం చేసేదంతా వృథాయే. ఆ ఓడ ప్రయాణం గుర్తుండేది నాకు. అది దాని బాల్యంలో ఒక భాగమే కాదు, నా ముప్పైల్లో కూడా ఒక భాగం. ఆ సంవత్సరాలు నావి కూడా అని ఆమెకు చెప్పాలనుకుని చెప్పలేదు.

*

గుంతకల్లు నుంచి చెన్నైకి రాత్రి రైలు. కింది బెర్తు నాకూ పాపకూ. దాన్ని గోడవైపు పడుకోబెట్టి, నేను అంచున ఒక పక్కకు ఒత్తిగిలి పడుకున్నాను. ఆ ఏడాదే మే నెలలో మాతృదినోత్సవానికి లక్నో మెయిల్‌లో ప్రయోగంగా 'బేబీ బెర్త్' పెట్టారు. కింది బెర్తుకు అతికించిన చిన్న మడత పలక. మంచి ఆలోచనే. కాకపోతే అది కూడా తల్లి పడుకునే బెర్తుకే అతుక్కుని ఉంటుందని ఫోటోల కింద రాతలన్నీ చెప్పకనే చెప్పాయి.

రైలు కదిలే ముందు ప్లాట్‌ఫారం మీద చూపు ఆగింది. గుంతకల్లు జంక్షన్‌లో పుట్టి పెరిగిన పిల్లలం సుగ్గికి పోయేవాళ్ళను చూస్తూ పెరిగాం. పంటలు ఎండిపోయిన ఏడు ఆలూరు, ఆదోని, పత్తికొండ వైపు ఊళ్ళకు ఊళ్ళే గుంటూరు జిల్లా మిరప చేలకు వలసపోతాయి. బియ్యం మూటలు, గిన్నెలు, దుప్పట్లు, చంకలో పసిబిడ్డలు. నంద్యాల మీదుగా గుంటూరు పోయే రైలు కోసం రాత్రంతా ప్లాట్‌ఫారం మీదే పడుకునేవాళ్ళు. ఏడో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా, మా నాయనకు అన్నం క్యారియర్ ఇవ్వడానికి పోయి, నాలుగైదు నెలల బిడ్డకు పాలిస్తున్న ఒకామెను చూశాను. నాకన్నా ఎంతో పెద్దదేం కాదు. "బిడ్డనేం చేస్తావక్కా ఆడ?" అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, "ఏం చేస్తా? చెట్టుకు చీర కట్టి ఉయ్యాల ఏస్తా" అంది.

ఇన్నేళ్ళకు ఆ జవాబు నాకు మళ్ళీ వినిపించింది. మిరపకాయ కోత ఎలా ఉంటుందో తర్వాత తెలుసుకున్నాను. చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి. ఆ చేతుల్తోనే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ బిడ్డను తీసుకుపోవచ్చా అని ఏ చుట్టమూ, ఏ పత్రికా ఆమెను అడిగి ఉండదు. పన్నెండేళ్ళ నేను అడిగాను, తెలియక. కూలికి పోయే తల్లి చంకలోని బిడ్డ ఎవరి కంటికీ ఆనదు. విహారానికి పోయే తల్లి చంకలోని బిడ్డ మాత్రం లోకమంతటి బాధ్యత అయిపోతుంది. కాబట్టి ఈ ప్రశ్న పసిబిడ్డల క్షేమం గురించినది మాత్రమే అయ్యుంటే, ముందు అడగాల్సింది ఆ చెట్టు కింద. అక్కడ అడగకుండా నా దగ్గర అడుగుతున్నారంటే, వాళ్ళను కలవరపెడుతున్నది బిడ్డ కాదు, నా సుఖం.

ఇంతవరకూ వాదన నాకు అనుకూలంగానే ఉంది. ఓడ మీద అది మారింది.

*

మొదటిరోజు కసరత్తులో ఒకతను మా పాప కొలతకు సరిపోయే చిన్న లైఫ్ జాకెట్ తెచ్చి చూపించాడు. ఇరవైనాలుగు గంటలు మించిన ప్రయాణమైతే ఓడలో ఉన్న ప్రతి పసిబిడ్డకూ ఒకటి ఉండాలని అంతర్జాతీయ నియమం. మా పాప కోసం ఎవరో, ఎక్కడో ముందే ఆలోచించి పెట్టారన్న మాట నాకు కళ్ళనీళ్ళు తెప్పించింది. ఎనిమిది నెలల్లో దాని సంగతి నేను కాక మరొకరు ముందుగా ఆలోచించిన సందర్భం అదొక్కటే.

రెండోరోజు అందరూ ఈత కొలనులోకి దిగారు. డైపర్లు వేసే పిల్లల్ని కొలనులోకి రానివ్వరు. సరైన నియమమే, అందరి ఆరోగ్యం కోసం. నేను పాపతో కుర్చీలో కూర్చున్నాను. అర్ధగంట తర్వాత నాకు తట్టింది, ఆ నియమం డైపర్ వేసుకున్న మనిషి గురించే చెబుతుంది. ఒడ్డున ఎవరు కూర్చోవాలో చెప్పదు. అది ఇంటి నుంచి తెచ్చుకున్న నియమం. నా సహచరుణ్ణి పిలిచి పాపను చేతికిచ్చి నీళ్ళలోకి దిగాను. పది నిమిషాలు కాలేదు, ముందు తోటికోడలు వెళ్ళింది, తర్వాత అత్తమ్మ, తర్వాత పక్క కుర్చీలోని మరాఠీ ఆమె. "పాపం, మీరు వెళ్ళండి, మేం చూస్తాం" అని. అర్ధగంటగా నేను కూర్చున్నప్పుడు పక్కనున్నదీ ఆ ముగ్గురే. వాళ్ళ మీద నాకు కోపం లేదు. మగవాడి చేతిలో బిడ్డ ఉంటే సాయం చేయాలనిపించడం, ఆడదాని చేతిలో ఉంటే ఏమీ అనిపించకపోవడం మనకు కంటి అలవాటు. నాకూ ఉంది.

ఆ రాత్రి ఓడ ఊగడంతో పాప నిద్రపోలేదు. మిగతావాళ్ళు లేస్తారని కారిడార్‌లోకి తెచ్చి తిప్పుతున్నాను. రెండు దాటింది. సిబ్బందిలో ఒకమ్మాయి మెట్ల కమ్మీలు తుడుస్తోంది. ఈశాన్య రాష్ట్రాల అమ్మాయి, పాతికేళ్ళుంటాయి. పాప ఏడుపు ఆపకపోతే గుడ్డ పక్కన పెట్టి, చేతులు కడుక్కొచ్చి, ఇవ్వమన్నట్టు చేతులు చాపింది. భుజం మీద వేసుకుని వీపు నిమిరింది. పాప నిమిషంలో సద్దుమణిగింది. ఆమె హిందీలో, "మా వాణ్ణి ఇంత బరువున్నప్పుడు మొదటిసారి వదిలొచ్చాను" అంది.

వాడికిప్పుడు రెండేళ్ళు. వాళ్ళమ్మ దగ్గరున్నాడు. ఓడ ఒడ్డుకు చేరి సిగ్నల్ వచ్చినప్పుడు ఫోన్‌లో చూస్తుంది. ఓడ కార్మికుల కోసం 2006లో చేసి 2013లో అమల్లోకి తెచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, భారతదేశం 2015లో దానికి ఒప్పుకుంది. రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి, ఏడాదిలోపు ఇంటికి పంపడం లాంటి రక్షణలు అందులో ఉన్నాయి. అవన్నీ అమలైనా సరే, చట్టబద్ధంగానే ఒక తల్లి పసివాణ్ణి నెలల తరబడి చూడకుండా ఉండవచ్చు. ఏ నిబంధనా తప్పలేదు. ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో దీన్నే ప్రపంచమంతా పరుచుకున్న సంరక్షణ గొలుసు అంది. ఒక ఇంటి బిడ్డను చూసుకోవడానికి మరో ఇంటి తల్లి వెళ్తుంది, ఆమె బిడ్డను మరొక ఆడది చూస్తుంది, కిందికి పోయేకొద్దీ కూలి తగ్గుతుంది. మా అనంతపురం, కడప జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికి పోయిన తల్లులున్న మాకు ఇది సిద్ధాంతం కాదు, ఇరుగుపొరుగు. క్లాసులో చాలాసార్లు పాఠం చెప్పాను కూడా. ఆ రాత్రి ఆ గొలుసులో నేను ఏ కొసన ఉన్నానో చూశాను.

నేను వండని అన్నం తినాలనుకున్నాను కదా. ఎవరో వండారు. కడవ మోయని చోట ఉండాలనుకున్నాను. ఓడలో సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే యంత్రాల దగ్గర కూడా ఎవరో కాపలా ఉన్నారు. నా విశ్రాంతి ఆకాశం నుంచి రాలేదు. మా ఇంటి మగవాళ్ళ నుంచీ రాలేదు, అది ముఖ్యం. ఇంట్లో పని సమంగా పంచుకోవడమనే తగాదా పడకుండా, మరిది డబ్బుతో మరో ఆడదాని రాత్రిని కొనుక్కున్నాం. ఇంట్లో శాంతి నిలబడింది. పితృస్వామ్యానికి అంతకన్నా కావలసిందేముంది?

అయితే నేను వెళ్ళకూడదా? వెళ్ళకపోతే ఆమె బిడ్డ ఆమె దగ్గరికి రాడు. ఆమె జీతమే పోతుంది. నా త్యాగం ఆమెకు పనికిరాదు, మా ఇంట్లో నా మీద మెప్పుగా మాత్రం పనికొస్తుంది. కాబట్టి అపరాధ భావంతో ఇంట్లో కూర్చోవడం జవాబు కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను. తల్లికి సుఖం కోరే హక్కు ఉంది. కానీ ఆ హక్కును ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలో అక్కడే చేసుకోవాలి. కొలను ఒడ్డున నేను చేసిన చిన్న పని, బిడ్డను దాని తండ్రి చేతికిచ్చి నీళ్ళలోకి దిగడం, ఆ మొత్తం ప్రయాణంలో న్యాయంగా దక్కిన పది నిమిషాలు అదొక్కటే అనిపిస్తుంది. దాన్ని పది నిమిషాల దగ్గర ఆగనిచ్చింది నేనే.

సుగ్గికి పోయే ఆమె బిడ్డను తీసుకుపోక తప్పదు. ఓడలో పనిచేసే ఆమె వదిలిపోక తప్పదు. తీసుకుపోవాలా వద్దా అని తర్జనభర్జన పడే తీరిక నాకొక్కదానికే దొరికింది. మా ముగ్గురికీ సమానమైన సంగతి ఒక్కటే. "బిడ్డనేం చేస్తావ్?" అన్న ప్రశ్నకు జవాబు మా దగ్గరే ఉండాలని లోకం అనుకోవడం. పని చోట పిల్లల గది, తండ్రికి సెలవు, చేను గట్టున నీడ - ఇవన్నీ మరెవరో చెప్పాల్సిన జవాబులు. వాళ్ళు చెప్పరు, మనం వాళ్ళను అడగం.

ఆ రాత్రి పాపను తిరిగి తీసుకుంటూ ఆ అమ్మాయి చేతిలో కొంత డబ్బు పెట్టబోయాను. తల అడ్డంగా ఊపి గుడ్డ తీసుకుంది. మర్నాడు మళ్ళీ కనిపించలేదు. మూడోరోజు చెన్నైలో దిగాం, మరుసటి తెల్లవారుజామున గుంతకల్లు. అత్తమ్మ ముందు కొళాయి తిప్పి చూసింది. నీళ్ళు రావడం లేదు.

నా పరిశోధనలో ఒక అధ్యాయముంది. మన యాత్రాచరిత్రల్లో పల్లకీ మోసిన బోయీల, దారిలో వండిపెట్టిన ఆడవాళ్ళ పేర్లు చాలాసార్లు కనిపించవని, రాసినవాళ్ళకు అడగాలనే తోచలేదని, కొంత ఘాటుగానే రాశాను. వైవాలో ఆ అధ్యాయాన్ని మెచ్చుకున్నారు. నా బిడ్డను అర్ధరాత్రి ఎత్తుకున్న ఆ అమ్మాయి పేరు నేను అడగలేదు.